పిచ్చుక చేతిలో బంతి

"మీ బండ పరిగెత్తుతుంటే మా తాతయ్య బస్సు వెళ్లిపోతోందని పరిగెత్తినట్టు ఉంటుంది," అంది పిచ్చుక.

క్లాసంతా గొల్లున నవ్వింది.

"మీ మెరుపు మాత్రం తక్కువా? బంతిని వదిలేసి ముందుకు ఉరుకుతాడు. సగం దూరం పోయాక వెనక్కి తిరిగి, బంతేదీ అని అడుగుతాడు," అన్నాడు గుండు.

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. పిచ్చుక మూతి ముడుచుకుంది.

మధ్యాహ్నం బెల్లు కొట్టి చాలాసేపయింది. సగం మంది ఇంకా అన్నం డబ్బా మూత తియ్యలేదు. నల్లబల్ల మీద సుద్దముక్కతో నిలువుగా ఒక గీత గీసి ఉంది. గీతకి ఒక పక్క 'మెరుపు' అనీ, రెండో పక్క 'బండ' అనీ రాసి ఉంది.

ఆ ఇద్దరూ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో స్ట్రైకర్లు. అంటే గోల్స్ వెయ్యడమే వాళ్ల పని. అదేమంత పెద్ద క్లబ్బు కాదు. దాని ఆట టీవీలో రాదు. చూడ్డానికి వచ్చేవాళ్లంతా ఒకరికొకరు తెలిసిన ముఖాలే. అయినా ఆ ఊరి పిల్లలకి అంతకన్నా గొప్ప క్లబ్బు లేదు.

మెరుపు సన్నగా, పొడుగ్గా ఉంటాడు. జుట్టుకి రబ్బరు పట్టీ పెట్టుకుంటాడు. బంతి దొరికితే ఇక కంటికి ఆనడు. బండ వయసులో పెద్దవాడు. కాళ్లు రోళ్లలా ఉంటాయి. మేజోళ్లు ఎప్పుడూ జారిపోయి ఉంటాయి. గోలు ముందు పాతేసినట్టు నిలబడతాడు, ఎంతమంది తోసినా కదలడు.

కోచ్ మాత్రం ముందు ఒక్కడినే ఆడిస్తాడు. ఒకడు ఆడితే రెండోవాడు బెంచీ మీద కూర్చోవాలి. ఊరు రెండు ముక్కలైంది అక్కడే.

"మెరుపు వేసే గోల్ చూస్తే కళ్లు తిరుగుతాయి. మీ బండ అన్నీ మోకాలితోనో, పిక్కతోనో వేస్తాడు. ఒకసారి ముక్కుకి తగిలి పోయింది," అంది పిచ్చుక.

"గోల్ గోలే కదే. మోకాలితో వేస్తే సగమే ఇస్తారా?"

"నాకైతే సగమే."

"అయితే పందెం," గుండు చెయ్యి చాచాడు. "రేపటి మ్యాచ్‌లో బండ గోల్ వేస్తే, సోమవారం నువ్వు బెంచీ ఎక్కి 'బండే గొప్ప' అని అరవాలి. మెరుపు వేస్తే నేనెక్కి 'మెరుపే గొప్ప' అని అరుస్తా."

పిచ్చుక ఆ చేతి మీద చరిచింది.

అప్పుడే పీటీ సార్ గుమ్మంలో కనిపించారు. అంతా ఎక్కడివాళ్లక్కడ సర్దుకున్నారు. సార్ నల్లబల్ల వైపు ఒకసారి చూశారు.

"రేపు మ్యాచ్‌లో బంతులు అందించడానికి మన స్కూలు పిల్లల్ని అడిగారు," అన్నారు. "పిచ్చుకా, నువ్వు ఒక గోలు వెనక. గుండూ, నువ్వు రెండో గోలు వెనక."

పిచ్చుక గుండె గంతులేసింది.

"వినండి. చేతిలో ఎప్పుడూ ఒక బంతి ఉంటుంది. ఆటలో బంతి గీత దాటగానే చేతిలోది ఇచ్చెయ్యాలి. ఏ జట్టు వంతైతే ఆ జట్టుకి. ఆ తర్వాతే పోయినదాన్ని వెతుక్కోవాలి. చప్పట్లు కొట్టకూడదు. అరవకూడదు."

"మనవాళ్లు గోల్ వేసినా అరవకూడదా సార్?" అన్నాడు గుండు.

"లోపల్లోపల అరుచుకో."

సాయంత్రం పిచ్చుక టీ ఫ్లాస్కు పట్టుకుని క్లబ్బు బస్సుండే షెడ్డుకి వెళ్లింది. వాళ్ల నాన్న క్లబ్బు బస్సు డ్రైవరు. బస్సు ముందద్దం తుడుస్తున్నాడు. అద్దం తళతళలాడుతూనే ఉంది. అయినా తుడుస్తున్నాడు. నాన్నకి దిగులుగా ఉన్నప్పుడల్లా ఆ అద్దానికి స్నానమే.

"నాన్నా, రేపు మనం ఓడిపోతే?"

"కింది లీగ్‌కి పోతాం."

"పోతే ఏమవుతుంది?"

నాన్న గుడ్డ పిండాడు. "కింది లీగ్‌లో అన్నీ దగ్గర ఊళ్లే. ఇక బస్సు ఎందుకు, అమ్మేద్దాం అంటున్నారు క్లబ్బువాళ్లు."

"మరి నువ్వో?"

"ఇంకో బస్సు చూసుకోవాలి. ఏ ఊళ్లో దొరుకుతుందో ఏమో."

పిచ్చుకకి ఫ్లాస్కు మూత తిప్పడం చాతకాలేదు. నాన్న తీసుకుని తనే తిప్పాడు.

"డ్రా అయినా చాలు తల్లీ. ఓడకుండా ఉంటే చాలు," అన్నాడు.

ఇద్దరూ బస్సు మెట్టు మీద కూర్చున్నారు. కాసేపటికి పిచ్చుక ఉండబట్టలేక అడిగింది.

"నాన్నా, ఇద్దర్లో ఎవరు గొప్ప? నువ్వు రోజూ చూస్తావుగా."

"నేను చూసేది రోడ్డు." నాన్న టీ ఊదుకున్నాడు. "బూట్లు విప్పితే ఇద్దరి వాసనా ఒక్కటే. ఆ మాత్రం చెప్పగలను."

మర్నాడు మైదానం కిక్కిరిసిపోయింది. ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. చెక్క మెట్ల మీద ఒక పక్క మెరుపు అభిమానులు, రెండో పక్క బండ అభిమానులు కూర్చున్నారు. ఎదుటి జట్టుని తిట్టాల్సిన నోళ్లతో వాళ్లలో వాళ్లే తిట్టుకుంటున్నారు.

కోచ్ బండని ఆడించాడు. మెరుపు బెంచీ మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు.

పిచ్చుక గోలు వెనక, కార్నర్ జెండా పక్కన నిలబడింది. చేతుల్లో బంతి పొట్టకి ఆనించి పట్టుకుంది. మొదటి సగంలో రెండు జట్లకీ గోల్ పడలేదు. మనుషులు ఊపిరి పీల్చడం కూడా మానేసినట్టున్నారు. ఎక్కడో ఒక పసిపిల్ల ఏడిస్తే ఆ ఏడుపు మైదానమంతా వినపడింది.

రెండో సగం మొదలైంది. ఊరి జట్టు ఇప్పుడు పిచ్చుక ఉన్న గోలు వైపే వస్తోంది. బండ ఒక్కడే ముగ్గుర్ని వీపు మీద మోస్తున్నట్టు బంతిని కాపాడుకుంటున్నాడు. పిచ్చుక పళ్లు బిగించింది. వీడు గోల్ వేస్తే? సోమవారం బెంచీ ఎక్కాలి. గుండు ముందు వరసలో కూర్చుని ఇకిలిస్తాడు.

ఉన్నట్టుండి బంతి ఎదుటి జట్టువాడి కాలికి తగిలి గీత దాటింది. కార్నర్. అంటే మూల జెండా దగ్గర్నుంచి బంతి కొట్టాలి. ఊరి జట్టు వంతు.

ఎదుటి జట్టువాళ్లు అది కార్నర్ కాదని రిఫరీని చుట్టుముట్టారు. గోలు కాచే గోలీ కూడా తన చోటు వదిలి ముందుకొచ్చి చేతులు ఊపుతున్నాడు. గోలు ముందు బండ ఒక్కడే ఉన్నాడు. అతని పక్కన ఒక్క పురుగు లేదు. చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు.

కార్నర్ కొట్టే ఆటగాడు పిచ్చుక వైపు పరిగెత్తుకొచ్చాడు. "పాపా, బంతి! త్వరగా!"

బంతి పిచ్చుక చేతిలోనే ఉంది. విసిరితే చాలు.

ఆమె బండ వైపు చూసింది. పైకెత్తిన ఆ చెయ్యి చూసింది. సోమవారం బెంచీ కళ్లముందు కదిలింది.

వేళ్లు వదులు చేసింది. బంతి కాళ్ల మధ్య నుంచి జారి వెనక్కి దొర్లింది.

"అయ్యో!" అంది పిచ్చుక. అని, దాని వెనకాల వెళ్లింది. పరిగెత్తినట్టే వెళ్లింది. కాని పిచ్చుక నిజంగా పరిగెత్తితే ఎలా ఉంటుందో వాళ్ల క్లాసులో అందరికీ తెలుసు. అది అలా లేదు.

బంతి తెచ్చి ఇచ్చేసరికి ఎదుటివాళ్లంతా గోలు ముందుకి చేరారు. గోలీ తన చోటికి వచ్చేశాడు. కార్నర్ నేరుగా అతని చేతుల్లోకే పోయింది. అతను అదే ఊపులో బంతిని ముందుకి బలంగా విసిరాడు. ఊరి జట్టు మొత్తం ఇటే ఉంది. అవతల ఖాళీ. ఎదుటి జట్టువాడు ఒక్కడే ఉరికాడు, ఉరికాడు, గోల్ కొట్టాడు.

మైదానం నోరు పడిపోయింది.

దూరంగా రెండో గోలు వెనక గుండు కనిపించాడు. రెండు చేతులూ నున్నటి తల మీద పెట్టుకుని నిలబడ్డాడు.

పిచ్చుక గేటు వైపు చూసింది. నాన్న అక్కడ ఉన్నాడు. ఇనప వల కంచెని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. వెనక బస్సు ఉంది. ముందద్దం తళతళా మెరుస్తోంది.

బస్సు సంగతి ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. అంతవరకూ బెంచీ ఒక్కటే గుర్తుంది.

ఎవరైనా తిడితే బాగుండుననిపించింది. ఎవరూ తిట్టలేదు. బంతి నిజంగానే జారిందనుకున్నట్టున్నారు.

కాసేపటికి బంతి మళ్లీ గీత దాటింది. ఈసారి దాని వెనక బండ వచ్చాడు. ముఖం నిండా చెమట. పిచ్చుక తల దించుకుంది.

"ఇందాక జారింది నీ చేతిలోనేనా పాపా?"

పిచ్చుక చిన్నగా తల ఊపింది.

బండ మణికట్టుకున్న గుడ్డ పట్టీ లాగి ఆమె వైపు విసిరాడు. "చేతులు తుడుచుకో. నాకూ అంతే, కంగారైతే చేతులు తడిసిపోతాయి." అని, మేజోళ్లు పైకి లాక్కుంటూ వెళ్లిపోయాడు. అవి మళ్లీ జారాయి.

పిచ్చుక చేతులు పొడిగానే ఉన్నాయి. కళ్లే తడిసాయి.

అంతలో కోచ్ లేచాడు. మెరుపుని పిలిచాడు. బండని బయటికి రమ్మని సైగ చేశాడు. మెట్ల మీద ఒక పక్క చప్పట్లు, ఒక పక్క బూతులు. ఇంతసేపూ పిచ్చుక కోరుకున్నది ఇదే. ఇప్పుడు అదేమీ సంతోషంగా లేదు.

దగ్గర్లో ఉన్న గీత దాటి పొమ్మన్నాడు రిఫరీ. బండ గోలు వెనక నుంచి, పిచ్చుక పక్కగా నడిచి వచ్చాడు.

"అన్నా," అంది పిచ్చుక.

బండ ఆగాడు.

"అది జారలేదన్నా. నేనే వదిలేశా."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అనిపించింది ఆమెకి. బండ ఆమె వైపు చూస్తూ నిలబడ్డాడు. నవ్వలేదు. అరవలేదు.

"ఎందుకు?"

"మీరు గోల్ వెయ్యకూడదని. మెరుపన్న రావాలని."

బండ ఊపిరి గట్టిగా వదిలాడు. అతని దవడ బిగుసుకోవడం పిచ్చుకకి కనిపించింది. ఆమె పట్టీ తిరిగి ఇవ్వబోయింది. అతను తీసుకోలేదు.

"వచ్చాడుగా వాడు," అన్నాడు చివరికి. "ఇప్పుడు వాడికీ బంతి కావాలి. ఆట ఇంకా అవలేదు. నీ చోట్లో నువ్వు నిలబడు."

వెళ్లిపోయాడు. పిచ్చుక పట్టీ తన మణికట్టుకి తొడుక్కుంది. అది వదులుగా, తడిగా ఉంది.

మెరుపు వస్తూనే ఉరికాడు. ఎదుటి డిఫెండరు ఒకడు అతన్ని అట్టే ఆపేశాడు. మళ్లీ ఉరికాడు. మళ్లీ ఆపాడు. మూడోసారి కొడితే బంతి మెట్ల మీదికి పోయింది.

"బండ ఉంటే ఈపాటికి వేసేవాడు!"

"నీ బండ ఇంతసేపూ ఏం పీకాడు?"

మెట్ల మీద ఇద్దరు కాలర్లు పట్టుకున్నారు. పెద్దవాళ్లు. ఒకాయన ముసలాయన కూడా.

మైదానంలో మాత్రం ఇంకోటి జరుగుతోంది. బండ బెంచీ మీద కూర్చోలేదు. గీత అంచున నిలబడి గొంతు చించుకుంటున్నాడు. "ఒరేయ్, వాడు నీ ఎడమ వైపే కాచుకుని ఉన్నాడు! కుడి నుంచి పో! కుడి నుంచి!"

మెరుపు తల ఊపాడు. కుడి నుంచి పోయాడు. డిఫెండరు చివరి క్షణంలో కాలు అడ్డం పెట్టాడు. బంతి గీత దాటింది. మళ్లీ కార్నర్.

కార్నర్ కొట్టే ఆటగాడు ఇటు తిరిగేసరికే బంతి అతని ఛాతీ ముందు ఉంది. పిచ్చుక ఎప్పుడు విసిరిందో అతనికే తెలియలేదు. ఎదుటివాళ్లు ఇంకా వెనక్కి వస్తూనే ఉన్నారు. అతను ఆగకుండా కొట్టాడు. మెరుపు ఎగిరాడు. తలకి అందలేదు. కిందికి దిగుతుంటే బంతి అతని మోకాలికి తగిలింది.

తగిలి, నెట్‌లోకి పోయింది.

మోకాలితో!

మైదానం బద్దలైంది. ఇందాక కాలర్లు పట్టుకున్న ఇద్దరూ అదే పట్టుతో కౌగిలించుకున్నారు. బండ మెరుపుని బియ్యం బస్తాలా భుజాన వేసుకున్నాడు. పిచ్చుక లోపల్లోపల అరుచుకుంది. పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది.

స్కోరు సమానం. ఇలాగే ఉంటే చాలు. ఉంటుందా?

ఎదుటి జట్టుకి గెలుపే కావాలి. గెలిస్తే వాళ్లు పై లీగ్‌కి పోతారు. వాళ్లు తేనెటీగల్లా మీదపడ్డారు. రిఫరీ గడియారం చూసుకుంటున్నాడు. ఊరి జట్టువాడొకడు కంగారులో బంతిని ఎటో కొట్టాడు. అది పిచ్చుక ఉన్న గీత దాటి పోయింది.

వంతు ఎదుటి జట్టుది.

వాళ్ల గోలీ చేతులు చాచుకుని పరిగెత్తుకొచ్చాడు. "పాపా, బంతి! త్వరగా!"

అవే మాటలు.

"ఇవ్వకు!" మెట్ల మీది నుంచి ఎవరో అరిచారు.

"ఇందాక జారిందిగా, ఇప్పుడూ జారనీ!"

"పడెయ్ అమ్మాయ్! వెనక్కి పడెయ్!"

ఊరంతా అరుస్తోంది. మెరుపు అభిమానులు, బండ అభిమానులు మొదటిసారి ఒక్కటై అరుస్తున్నారు. పిచ్చుక గేటు వైపు చూసింది. నాన్న అరవడం లేదు. వలని పట్టుకుని చూస్తున్నాడు.

బంతి కొంచెం జారితే చాలు. బస్సు ఉంటుంది. నాన్న ఉంటాడు. ఎవరికీ తెలియదు. తెలిసినా తిట్టరు, ఎత్తుకుంటారు.

మణికట్టు మీద తడి పట్టీ చల్లగా తగిలింది.

పిచ్చుక బంతిని రెండు చేతులా పైకెత్తి, నేరుగా గోలీ చేతుల్లోకి విసిరింది.

మెట్ల మీద పెద్ద హాహాకారం లేచింది. గోలీ బంతి నేల మీద పెట్టి బలం కొద్దీ తన్నాడు. అది మైదానం అవతలి సగంలోకి పోయింది. వాళ్ల ఆటగాడు దాన్ని ఛాతీతో ఆపాడు. తిరిగాడు. కొట్టాడు.

పిచ్చుక కళ్లు మూసుకోలేదు. మూసుకోవాలనిపించింది గాని మూసుకోలేదు.

బంతి పోస్టు పక్కనుంచి, వెంట్రుకవాసిలో, బయటికి దూసుకుపోయింది. పోయి గుండు పొట్టకి తగిలింది. గుండు బంతితో సహా వెనక్కి పడ్డాడు.

రిఫరీ పొడుగ్గా విజిల్ ఊదాడు.

ఆటగాళ్లని ఇళ్ల దగ్గర దింపాలి. జట్టు బస్సు ఎక్కేసరికి పొద్దు వాలింది. పిచ్చుక నాన్న పక్కన ఇంజను పెట్టె మీద కూర్చుంది. వెనక సీట్లో బండ, మెరుపు పక్కపక్కనే ఉన్నారు. బూట్లు విప్పారు. నాన్న చెప్పింది నిజమే.

"మోకాలితో వేశావురా," అంటున్నాడు బండ.

"నీ దగ్గరే నేర్చుకున్నానన్నా."

పిచ్చుక లేచి వెళ్లి పట్టీ బండ చేతిలో పెట్టింది. బండ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఉతికి ఇవ్వాలి కదా," అని మళ్లీ ఆమె చేతిలోనే పెట్టాడు. అప్పుడు కొంచెం నవ్వాడు.

ఆమె వచ్చి కూర్చుంది. నాన్న రోడ్డు వైపే చూస్తూ అడిగాడు.

"అంతమంది అరిచారు. వినపడలేదా?"

"వినపడింది నాన్నా."

నాన్న గేరు మార్చాడు. బస్సు మలుపు తిరిగింది.

"అంతకు ముందు ఒక బంతిని కావాలనే జారవిడిచాను. దానివల్లే వాళ్లు గోల్ కొట్టారు," అంది పిచ్చుక.

నాన్న బస్సు వేగం తగ్గించాడు.

"బండకి చెప్పావా?"

"చెప్పాను."

"ఇంకెవరికైనా చెప్పాల్సి ఉందా?"

పిచ్చుక చేతిలోని పట్టీని మడతపెట్టింది. "ఉంది," అంది.

సోమవారం గుండు క్లాసులోకి వస్తూనే సంచీ పడేసి బెంచీ ఎక్కాడు. చొక్కా ఎత్తి పొట్ట మీద బంతి తగిలిన చోటు ముందు అందరికీ చూపించాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"పందెం పందెమే. వినండ్రా. మెరుపే..."

"దిగు," అంది పిచ్చుక.

"ఏంటే? గెలిచింది నువ్వేగా."

"నువ్వు దిగు ముందు."

గుండు దిగాడు. పిచ్చుక ఎక్కింది. క్లాసంతా తిరిగి చూసింది.

"మొదటి కార్నర్‌కి బండ ఒక్కడే ఉన్నాడు. బంతి ఇచ్చుంటే గోలే. నేను కావాలనే వదిలేశా," అంది.

గుండు నోరు తెరిచి చూస్తున్నాడు. అతని ముఖంలోకి కోపం వచ్చింది. అది అక్కడే ఉండిపోయింది.

పిచ్చుక ఊపిరి పీల్చుకుంది. జేబులోంచి ఉతికి ఆరేసిన పట్టీ తీసి చేతికి తొడుక్కుంది. చెయ్యి పైకెత్తి, గోలు ముందు ఒంటరిగా నిలబడ్డ మనిషిలా, గొంతు పగిలేలా అరిచింది.

"బండే గొప్ప!"